తిరగని పూలు

మొన్న ఒక పెళ్లి భోజనాల దగ్గర, నాకు ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఇరవై ఏళ్లు దాటిన ముచ్చట మళ్లీ తీశాడు. "బతికున్నోనికి దండేసిన ఆర్టిస్టు గీమెనే" అని నన్ను చూపించి పక్కవాళ్లకు చెప్పాడు. అందరూ నవ్వారు. నా పక్కన కూర్చున్న మా మేనకోడలు కూడా నవ్వింది. ఫోన్‌లోనే పెళ్లి వీడియో కత్తిరించి, పాట పెట్టి, అరటిపండు తిన్నంతసేపట్లో నలుగురికి పంపించే పిల్ల అది. నేను నవ్వలేదు. స్వీటు ముట్టకుండా చేయి కడుక్కుని లేచి వచ్చాను. ఆయన అది చూశాడో లేదో గాని, ఆయన మాట నేను విన్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఆయనకు ఆర్మూర్ పాత బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లకు వీడియో కూడా తీసేవాడు. మొదట్లో ఎడిటింగ్ కోసం క్యాసెట్లు సంచిలో వేసుకుని నిజామాబాద్ పోయేవాడు. అక్కడ వంతు వచ్చేదాకా కూర్చోబెట్టేవాళ్లు. ఒకరోజు ఆయనకు విసుగొచ్చి, ఆ పనేదో ఇంట్లోనే చేసుకుందామన్నాడు. హైదరాబాద్‌లో కంప్యూటర్ కూర్పించి, దుప్పట్లో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాడు. దాని లోపల ఒక కార్డు ఉండేది. వెనకవైపు పసుపు, ఎరుపు, తెలుపు రంగుల రంధ్రాలు. వీసీఆర్ వైర్లు వాటిలో గుచ్చితే క్యాసెట్లో బొమ్మ కంప్యూటర్‌లోకి ఎక్కేది. కార్డుతోపాటు ఒక సీడీ, ఒక ఇంగ్లిష్ పుస్తకం వచ్చాయి. మా ఆయన ఆ పుస్తకం రెండు పేజీలు చదివి, షూటింగ్ ఉందని వెళ్లిపోయాడు. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని చివరి అట్ట దాకా చదివాను. క్యాసెట్ మొదట్లో వచ్చే పేర్లలో వీడియో కింద ఆయన పేరు, ఎడిటింగ్ కింద కూడా ఆయన పేరే ఉండేది. ఆ అక్షరాలు టైపు చేసింది నేనే కాబట్టి నాకు బాగా గుర్తు.

ఆ యంత్రం వచ్చాక ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. గంట క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కాలంటే గంటా పట్టేది. అంతసేపూ మౌసు ముట్టుకోకూడదు. మిక్సీ వేస్తే బొమ్మ ఎగిరిపోయేది. ఇస్త్రీ పెట్టె పెట్టారంటే నేను వంటింట్లోకి పరిగెత్తి ప్లగ్గు పీకేదాన్ని. రాత్రుళ్లు వోల్టేజీ చాలదు కాబట్టి పనంతా పగలే. హార్డ్ డిస్కులో ఒక్క పెళ్లికే చోటు. ఈ ఇంటి పెళ్లి చెరిపితే గాని ఆ ఇంటి పెళ్లి లోపలికి రాదు. కత్తిరించినవన్నీ అతికించి ఒక్క బొమ్మగా మార్చడానికి కంప్యూటర్ గంటల తరబడి తనలో తాను కొట్టుకునేది. దాన్ని రెండరింగ్ అంటారు. అప్పుడు తెర మీద ఒక నీలం గీత పాకుతూ, ఇంకా ఇంత సమయం అని చూపించేది. నలభై నిమిషాలనేది, కాసేపటికి రెండు గంటలనేది, మళ్లీ పదిహేను నిమిషాలనేది. పొయ్యి మీద అన్నం పెట్టి ఆ గీత చూడ్డానికి వచ్చేదాన్ని, గీత చూసి అన్నం దగ్గరికి పోయేదాన్ని. నాతో అన్ని అబద్ధాలు చెప్పినవాళ్లు మనుషుల్లో కూడా తక్కువే.

ఒకసారి మధ్యమధ్యలో బొమ్మలు ఎగిరిపోతున్నాయని నిజామాబాద్ నుంచి మెకానిక్కును పిలిపించాం. జరిగేది చెప్పింది నేను. అంతా విని అతను మా ఆయన వైపు తిరిగి, "సార్, మేడంకు చెప్పుర్రి, ఇండ్ల గేములు ఆడద్దని" అన్నాడు. ఆ కంప్యూటర్‌లో నేను ఒక్క గేము కూడా ఆడలేదు. అతను పోయాక మూత విప్పి చూస్తే, లోపలి ఫ్యాను రెక్కలకు పసుపు పట్టి ఉంది. మా వీధి చివర పసుపు కొమ్ములు ఆరబోసి, డ్రమ్ముల్లో వేసి తిప్పుతుంటే లేచిన దుమ్ము అది. పెయింటు బ్రష్షుతో తుడిచాను. బ్రష్షు పచ్చబడింది, కంప్యూటర్ బాగుపడింది. ఆ సంగతి మెకానిక్కుకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు దండ విషయం.

మా వైపు గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు తక్కువ. పెళ్లి జరుగుతుంటే అన్న మస్కట్‌లోనో, బావ దుబాయ్‌లోనో ఉండేవాడు. సెలవు దొరకనివాళ్ల ఫొటో కవర్లో పెట్టి మాకు ఇచ్చేవాళ్లు. దాన్ని వీడియోలో తలంబ్రాల ముందు చూపించాలి. అప్పుడు మనిషి పెళ్లికి వచ్చినట్టే లెక్క. హైదరాబాద్ నుంచి తెచ్చిన బొమ్మల సీడీలో బంతిపూల వలయం ఒకటి ఉండేది. మధ్యలో ఫొటో పెడితే చుట్టూ పూలు గిరగిరా తిరిగేవి. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ ఏడు ఆర్మూర్ చుట్టుపక్కల గల్ఫ్‌లో ఉన్న సగం మంది ఆ పూల మధ్యలో నుంచే తమ ఇంటి పెళ్లిళ్లు చూశారు.

బాల్కొండ దగ్గరి ఒక ఇంటి పెళ్లి వచ్చింది. పెళ్లికూతురి తండ్రి ఎప్పుడో పోయాడు. అన్న మస్కట్‌లో ఉన్నాడు, సెలవు ఇవ్వలేదు. ఇంటి పెత్తనమంతా పెద్దబాపుది, అంటే తండ్రికి అన్న. మొన్న భోజనాల దగ్గర నన్ను చూపించి నవ్వించిన పెద్దమనిషి ఈయనే. ఫొటో కవరు తెచ్చి, నా కుర్చీలో కూర్చుని హుకుం చేశాడు.

"పిలగాడు చెల్లె పెండ్లిల మంచిగ కనవడాలె. సుట్టు పూలు పెట్టు. కింద దీపం పెట్టు. జర గ్రాండ్‌గ ఉండాలె."

"దీపమెందుకు కాకా? పూలు సాలవా?"

"అరె, శుభకార్యం గదమ్మా! దీపం లేకుంట శుభకార్యమెట్లయితది? చెప్పింది చెయ్యి, ఎక్కువ మాట్లాడకు."

నేను అడిగాను. ఆయన పెట్టమన్నాడు. ఇది ఎక్కడైనా చెప్తాను.

ఇంకొకటి కూడా ఉంది, దాన్ని ఇప్పటిదాకా మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ వారం పదకొండు నుంచి ఒంటిగంట దాకా కరెంటు కోత. పూలు తిరిగే ఆ పన్నెండు సెకన్లు రెండరింగ్ కావడానికే అరగంట పట్టేది. పదిన్నర దాటింది, గీత కదలడం లేదు. నేను పూలు తిరగడం ఆపేశాను. ఒక్క గడిలో టిక్కు తీసేస్తే అయిపోయింది. పని గబగబా ముగిసింది. తెర మీద చిన్న డబ్బాలో చూస్తే బాగానే అనిపించింది. క్యాసెట్ ఇచ్చేశాను. ఇంకో పెళ్లి ఎదురుచూస్తోందని డిస్కులోంచి ఆ పెళ్లి చెరిపేశాను.

వాళ్లు టీవీని వాకిట్లో పెట్టుకుని వాడకట్టు అంతా కూర్చుని చూశారట. తెర నిండా కొడుకు ఫొటో వచ్చింది. చుట్టూ కదలని బంతిపూల దండ. కింద మినుకుమినుకుమంటూ దీపం. తల్లి ఒక్క కేక పెట్టింది. పక్క వాడకట్టువాళ్లు మస్కట్ నుంచి ఏదో కబురు వచ్చిందనుకుని పరిగెత్తి వచ్చారు. ఒక ముసలామె ఎవరినీ అడగకుండా స్నానాలకు నీళ్లు తోడడం మొదలుపెట్టిందట.

మర్నాడు సోమవారం. తల్లి, పెద్దబాపు ఆటోలో మా ఇంటికి వచ్చారు. ఆమె గడప దగ్గరే నిలబడి, "నా కొడుకు బతికున్నడు బిడ్డా" అంది. మిగతాదంతా పెద్దబాపే అన్నాడు.

"గిదేం పని? బతికున్నోనికి దండేస్తవా?"

"నువ్వే చెప్పినవు గదా కాకా, పూలు పెట్టు, దీపం పెట్టు అని."

"నేను పూలన్న. దండన్ననా?"

"మరి దీపం?"

"దీపమంటె పెండ్లి దీపం! సచ్చినోని ముంగట పెట్టే దీపం ఎవడు పెట్టమన్నడు? గంత మతి లేదా?"

రెండు దీపాలకు తేడా ఏమిటో చూపించమన్నాను. అప్పుడు మా ఆయన మధ్యలోకి వచ్చాడు. "మా ఆమె కొత్త కాకా, తెలువక చేసింది. మాఫ్ చెయ్యి" అన్నాడు.

మూడేళ్లుగా ఊళ్లో పెళ్లిళ్లన్నీ కత్తిరించి అతికించినదాన్ని ఆ ఒక్కరోజు కొత్తదాన్నయ్యాను. క్యాసెట్ బాగుంటే ఆయన పేరు, బాగాలేకపోతే మా ఆమె. ఆ మాట మీద మా ఇంట్లో ఇప్పటికీ వారానికొకసారి గొడవ అవుతుంది. ఆయన మరిచిపోయానంటాడు.

తల్లి మాత్రం కూర్చుంది. గురువారం మధ్యాహ్నం ఆమె అక్క కొడుకు మస్కట్ పోతున్నాడు, క్యాసెట్ అతని చేతికి ఇచ్చి పంపాలి. మళ్లీ అటు పోయేవాళ్లు ఎప్పుడు దొరుకుతారో తెలియదు. "పెండ్లి చూడక వాడు అక్కడ అన్నం తింటలేడు. గిది పంపితె చూసి ఒక్కడే ఎట్లుంటడు?" అంది.

"ఫొటో తీసేసి ఇస్తనమ్మా."

"తీసేస్తె వాడు లేనట్టేనాయె."

"పూలు తీసేసి ఒట్టి ఫొటో పెట్టనా?"

"ఫొటో వద్దు బిడ్డా. ఫొటో అంటెనే భయమైతుంది. వాడు కదలాలె."

"ఫొటో ఎట్ల కదులుతదే, పిచ్చి గిట్ల లేసిందా?" అన్నాడు పెద్దబాపు.

"నువ్వు జర ఊకో బావా" అంది ఆమె. ఆ ఇంట్లో ఆయనతో ఆ మాట అన్నవాళ్లు అంతకుముందు ఉండి ఉండరు. ఆయన కండువా తీసి మళ్లీ వేసుకున్నాడు.

ఆమెకు ఒకటి గుర్తొచ్చింది. కొడుకు మస్కట్ పోకముందు అంకాపూర్‌లో ఆమె చెల్లెలి ఇంట్లో పెళ్లి జరిగింది. మూడు రోజులు ఇంటికి రాకుండా అక్కడే ఉండి బంతుల్లో వడ్డించాడు. ఆ క్యాసెట్లో ఎక్కడో ఉంటాడు. పెద్దబాపు తాను తెస్తానన్నాడు. మంగళవారం సాయంత్రం దాకా చూశాం, తేలేదు. బుధవారం తెల్లవారుజామునే ఆమే బస్సెక్కి పోయి, కొంగులో చుట్టుకుని తెచ్చింది.

ఈలోపు నేను డిస్కులో ఉన్న ఇంకొకరి పెళ్లి చెరిపేసి, కెమెరా క్యాసెట్ల నుంచి వీళ్ల పెళ్లి మొదటి నుంచి మళ్లీ ఎక్కించాను. మూడు క్యాసెట్లు, మూడు గంటలు, మధ్యలో కోత. చెరిపేసిన పెళ్లివాళ్లు ఎప్పుడిస్తారని మనిషిని పంపారు. వాళ్లకు మా ఆయన ఏం చెప్పాడో అడగలేదు. మళ్లీ నన్ను కొత్తదంటే వినే ఓపిక నాకు లేదు.

అంకాపూర్ క్యాసెట్ వీసీఆర్‌లో పెట్టి పరిగెత్తించాం. మనుషులు చీమల్లా పోతున్నారు. ఆమె తెరకు జానెడు దూరంలో కూర్చుంది.

"గదే! ఆపు!"

"యాడ?"

"గా వీపు. నా కొడుకు వీపు."

తెల్ల చొక్కా వీపు ఒకటి కనబడుతోంది. వెనక్కి తిప్పి మెల్లగా వదిలాను. వీపు తిరిగింది. ఎడమ చేతిలో బకెట్, కుడి చేతిలో గంటె. కెమెరా లైటు కళ్లలో పడి మొహం చిట్లించాడు, నవ్వాడు, పక్కకు జరగమన్నట్టు గంటె ఎత్తి ఊపాడు. తొమ్మిది సెకన్లు. తర్వాత ఎవరో అడ్డం వచ్చారు. క్యాసెట్ అంతా వెతికినా వేరే ఎక్కడా మొహం లేదు.

ఆ తొమ్మిది సెకన్లను అతని చెల్లెలి పెళ్లి భోజనాల్లో ఇరికించాలి. అంకాపూర్‌లో షామియానా నీలం, ఇక్కడిది ఎర్రది. రంగు మార్చే పట్టీ ఇటు జరిపితే పిల్లవాడు పచ్చగా, అటు జరిపితే ఎర్రగా అయ్యాడు. చివరికి షామియానా కనబడకుండా మనిషిని దగ్గరికి లాగాను. కొంచెం మసకబారాడు. దానికి ముందు చెల్లెలి పెళ్లిలో బంతి కూర్చున్నవాళ్లు తలలెత్తి చూస్తున్న ముక్క పెట్టాను. తర్వాత ఏం రావాలా అని గంటసేపు ఇల్లంతా తిరిగాను. వడ్డించేవాడు గంటె ఎత్తితే ఎవరో ఒకరు పెట్టించుకోవాలి, లేదా వద్దనాలి. వెతికితే విస్తరాకు మీద చేయి అడ్డంపెట్టి చాలు చాలంటున్న ముక్క ఒకటి దొరికింది. చేతికి లావు ఉంగరం. పెద్దబాపు చేయి. వేరే చేయి దొరకక దాన్నే అతికించాను. కొడుకు గంటె ఎత్తాడు, పెద్దబాపు వద్దన్నాడు.

రెండరింగ్ పెట్టాను. గీత పావు దాకా పాకింది, పదకొండుకు కరెంటు పోయింది. యూపీఎస్ పది నిమిషాలు అరిచి ఆగిపోయింది. ఒంటిగంటకు మళ్లీ మొదటి నుంచి. ఆమె ఇంటికి పోలేదు. చాప మీద కూర్చుని ఆ గీతనే చూసింది.

"గీ గీత నిండితె వాడొస్తడా బిడ్డా?"

"వస్తడమ్మా."

"ఎంతసేపైతది?"

తెర మీద ఇరవై నిమిషాలని ఉంది. "తెలువదమ్మా" అన్నాను.

గీత నిండేసరికి పొద్దు గూట్లో పడింది. గురువారం పొద్దున తొమ్మిదింటికి ముందే కంప్యూటర్ నుంచి కొత్త క్యాసెట్‌లోకి ఎక్కించడం మొదలుపెట్టాను. పదకొండుకు కోత, పన్నెండుకు హైదరాబాద్ బస్సు. పెద్దబాపు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఇంకెంత? జర ఫాస్ట్‌గ పెట్టరాదు?"

"తొంభై నిమిషాల పెండ్లి తొంభై నిమిషాలే వడతది కాకా."

"పెండ్లి మేం చేసినప్పుడె తొందరగ అయింది."

ఆయన ఫ్యాను వేయబోతే స్విచ్చు మీద చేయి అడ్డం పెట్టాను.

భోజనాల ముక్క వచ్చింది. బంతిలో తలలు లేచాయి. పిల్లవాడు తిరిగాడు, నవ్వాడు, గంటె ఊపాడు. ఉంగరం చేయి చాలంది. తల్లి నోటి మీద కొంగు పెట్టుకుంది. పెద్దబాపు ముందుకు వంగి, "అరె, గది నా చెయ్యి!" అన్నాడు.

"మళ్ల పెట్టు బిడ్డా" అంది ఆమె.

"ఇప్పుడాపితె మొత్తం ఖరాబైతదమ్మా. మళ్ల మొదటికెల్లి ఎక్కియ్యాలె."

క్యాసెట్ నిండగానే తీసి, కాగితంలో చుట్టి, తల్లి, నేను బస్టాండుకు నడిచాం. అక్క కొడుకు కిటికీ సీట్లో కూర్చుని ఉన్నాడు. క్యాసెట్ బ్యాగులో అన్నిటికన్నా కింద, బట్టల మధ్యలో పెట్టించి, జిప్పు ఆమే మూసింది. బస్సు పోయింది. ఆమె కొడుకును ఒక్కసారే చూసింది.

తర్వాత వారంలో ఊరంతా తిరిగి పెద్దబాపు చెప్పిందేమిటంటే, వడ్డించే ముక్క పెట్టమన్నది తానేనట. ఫొటోలు కదలవు, మనిషినే పెట్టమని నాకు బుద్ధి చెప్పాడట. దండ మాత్రం నాకే మిగిల్చాడు.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం తల్లి మళ్లీ వచ్చింది. మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఆయన్ని దాటుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"పిలగాడు ఫోన్ చేసిండు."

"ఏమన్నడమ్మా?"

"మస్తు నవ్విండు. రూముల ఉన్నోళ్లందరికి చూపిచ్చిండట. ఇగ ఒక్కటే అడుగుతుండు. అవ్వా, చెల్లె పెండ్లిల నేనేం కూర వడ్డించిన? ఎన్నిసార్లు చూసినా బకీట్ల ఏముందో కనవడ్తలేదు, అంటుండు. నేను చూసింది ఒక్కసారేనాయె. నువ్వు చూసి చెప్పు బిడ్డా."

ఆ తొమ్మిది సెకన్లు, వాటికి ముందూ వెనకా అతికించిన ముక్కలు నేను చెరపలేదు. అవి తీసి, ఒక్కొక్క బొమ్మ ఆపుతూ చూపించాను. బకెట్ దగ్గరికి లాగాను. ఇంకా లాగితే గళ్లు గళ్లుగా విడిపోయింది. అందులో ఏముందో ఆ గళ్లలో ఎవరికీ తెలియదు.

"పప్పా?" అన్నాను.

"పప్పుకు గంటె గట్ల వట్టరు."

అంకాపూర్‌లో ఆరోజు ఏం వండారో ఆమెకు గుర్తులేదు. చెల్లెలి పెళ్లి ముక్క తీసి విస్తరాకులు చూశాం. పెద్దబాపు చేతి కింద, అన్నం పక్కన, గుత్తి వంకాయ స్పష్టంగా కనబడింది.

"వంకాయ అని చెప్పమ్మా."

"వంకాయనేనా?"

"చెల్లె పెండ్లిల వడ్డించింది వంకాయనే గదా."

ఆమె తలూపి, ఎస్‌టీడీ బూత్ మూసేలోపు పోవాలని లేచింది. వాకిలి దాకా పోయి ఆగింది.

"ఉప్పెట్లుండె అని అడిగితె?"

సరిపోయిందని చెప్పమన్నాను.